సరిసంఖ్యకి లేవాలి

కృపావతి టీచరు పాఠం చెబుతుంటే పిల్లలు ఒక్కచోట కుదురుగా ఉండేవారు కాదు. ఆవిడే ఉండనిచ్చేది కాదు.

అనకాపల్లి గవరపాలెంలో, బెల్లం మార్కెట్టుకి పోయే దారిలో ఉండేదా మునిసిపల్ బడి. రెండు గదులు, ముందొక వసారా. ఆటస్థలం లేదు. ఉన్న కాస్త వాకిలినీ మధ్యాహ్న భోజనం పొయ్యిలు ఆక్రమించేశాయి. ఒక గదిలో హెడ్మాస్టరు సన్యాసిరావుగారు నాలుగూ ఐదూ తరగతులు చెప్పేవారు. రెండో గదిలో కృపావతి మూడో తరగతి చెప్పేది. నేలమీద నలభై ఒక్కమంది పిల్లలు. అన్నం తిన్నాక వాళ్ళ తలలు ఒక్కొక్కటీ ముందుకి వాలిపోయేవి.

కృపావతిది నక్కపల్లి దగ్గర పల్లె. తండ్రి చిన్న క్రైస్తవ సంఘానికి కాపరి. ఆవిడ మిషను హాస్టల్లో ఉండి చదువుకుంది. అక్కడ చదువుకునే వేళ ఎవరైనా కదిలితే మోకాళ్ళమీద నిలబెట్టేవారు. కళ్ళు పుస్తకంలో ఉండేవిగాని, మనసంతా తిమ్మిరెక్కిన కాళ్ళలో ఉండేది. తాను టీచరైతే పిల్లల్ని అలా బిగదీసి కూర్చోబెట్టకూడదని అప్పుడే అనుకుంది. ఉద్యోగం వచ్చింది. భర్త వరప్రసాదరావు పరవాడలో మందుల కంపెనీలో చేరాడు. ఫెబా అని ఒక్క కూతురు. అనుకున్నది చెయ్యడానికి మాత్రం ముప్ఫయ్యారేళ్ళు వచ్చేదాకా ధైర్యం చాలలేదు.

2003 జూలైలో మొదలుపెట్టింది. అంకె చెబుతుంది. సరిసంఖ్య అయితే లేవాలి, బేసిసంఖ్య అయితే కూర్చోవాలి. ఎక్కాలకి గెంతాలి. తెలుగు పాఠంలో క్రియాపదం వస్తే ఆ పని చేసి చూపించాలి. 'తవ్వు' అంటే నలభైమందీ గునపాలు ఎత్తేవారు. 'చెరుగు' అంటే లేని చేటలు గాలిలో ఆడేవి. నెల తిరక్కుండా, చివరి వరుసలో నిద్రపోయే పిల్లలకి కూడా పన్నెండో ఎక్కం వచ్చేసింది.

"మేడమ్, మీరు అక్కడ లెగిస్తే నా గోడ అదురుతోందండి," అనేవారు సన్యాసిరావుగారు. "రేపు ఎవడైనా కాలు బెణికిందంటే మాట పడేది నేను."

"నిద్రపోతే ఎవరూ మాటనరు గదండీ మాస్టారూ," అని నవ్వేసేది కృపావతి.

ఆ తరగతిలో నూకరాజు అని ఒకడు. ఎనిమిదేళ్ళవాడు. తండ్రి బంగారయ్య మార్కెట్లో కళాసీ. బెల్లం దిమ్మలు లారీలకెక్కించే పని. తల్లి అప్పలనర్సమ్మ నాలుగిళ్ళలో అంట్లు తోమేది. వాడికో అక్క, లోవలక్ష్మి, పక్కగదిలో ఐదో తరగతి. నూకరాజు నోటిలెక్కలో అందరికంటే ముందుండేవాడు. లేవడంలో మాత్రం అందరికంటే వెనక. క్లాసంతా లేచి మళ్ళీ కూర్చునే వేళకి వాడు సగంలో ఉండేవాడు. ముందు రెండు చేతులూ నేలకి ఆనించేవాడు. నడుం పైకెత్తేవాడు. తర్వాత ఒక చెయ్యి మోకాలి మీద, ఇంకో చెయ్యి తొడమీద వేసి, తన ఒంటిమీద తనే పాకుతున్నట్టు పైకి లేచేవాడు. 'ముసలోడు, ముసలోడు' అని పిల్లలు నవ్వేవారు. వాడూ నవ్వేవాడు.

ఆ నవ్వే కృపావతిని పొరబాటు పడేట్టు చేసింది. క్లాసుని నవ్వించడానికి వేషాలేస్తున్నాడనుకుంది. సెప్టెంబరులో ఓరోజు ఓపిక నశించింది.

"నూకరాజూ, మళ్ళీ లే. చేతులు పెట్టకుండా."

వాడు ప్రయత్నించాడు. సగం లేచి వెనక్కి కూలబడ్డాడు. పిల్లలు గొల్లుమన్నారు. వాడు పళ్ళికిలించాడు.

"వేషాలా? పదిసార్లు లేచి కూర్చో. నేను లెక్కపెడతాను."

వాడు లేచాడు, కూర్చున్నాడు. మూడోసారికి నవ్వు పోయింది. ఐదోసారికి జుట్టు తడిసి నుదుటికి అంటుకుపోయింది. ఆరోసారి చేతులు మోకాళ్ళ మీదకి వచ్చి అక్కడే ఆగిపోయాయి. విల్లులా వంగిన మనిషి వంగినట్టే వణుకుతున్నాడు.

"ఇంక లెగలేనండి టీచరండీ," అన్నాడు. "ఒట్టండి. కాళ్ళు రాట్లేదండి."

కృపావతి వెళ్ళి వాడిని చంకల కింద పట్టుకుని లేపింది. అప్పుడు చూసింది వాడి కాళ్ళు. తొడలు పుల్లల్లా ఉన్నాయి. పిక్కలు మాత్రం పెద్ద మనిషికున్నంత లావు. పట్టి చూస్తే రబ్బరు ముద్దలా బిగిసి ఉన్నాయి.

ఆ సాయంత్రం బడి వదిలాక వాడితోపాటే వాళ్ళింటికి వెళ్ళింది. బంగారయ్య అప్పుడే పనినుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"ఆడికేటమ్మగారూ?" అన్నాడు. "సూడండి పిక్కలు. అచ్చం మా అయ్యవే. మా అయ్య వంద కేజీల బస్తా ఒంటిచేత్తో లేపీవోడు."

"మరి లేవలేకపోతున్నాడు గదా బంగారయ్యా."

"బద్దకం. మీరు నాలుగు తగిలించండి."

తల్లి గుమ్మం దాకా సాగనంపడానికొచ్చి, గొంతు తగ్గించి చెప్పింది. "మెట్లెక్కలేడమ్మగారూ. నడుత్తూ నడుత్తూ పడిపోతాడు. ఎవుర్ని అడగాలో నాకు తెలీదు."

నవంబరులో, భర్తను పనికి పంపి, అప్పలనర్సమ్మ కొడుకుని తీసుకుని రైలెక్కింది. ఆమెకు చదువు రాదు. కృపావతి సెలవుపెట్టి తోడు వెళ్ళింది. విశాఖ పెద్దాసుపత్రిలో డాక్టరు నూకరాజుని నేలమీద కూర్చోబెట్టి లేవమన్నాడు. వాడు లేచాడు. డాక్టరు తన దగ్గర చదువుకునే కుర్ర డాక్టర్లని పిలిచాడు. మళ్ళీ లేవమన్నాడు. కృపావతి గోడవైపు తిరిగి నిలబడింది.

రక్తపరీక్ష ఫలితం వచ్చేసరికి మధ్యాహ్నమైంది. డాక్టరు కృపావతిని ఒక్కదాన్నే లోపలికి పిలిచాడు. చదువుకున్న మనిషని సగం ఇంగ్లీషులో, సగం తెలుగులో చెప్పాడు. ఇది కండరాల జబ్బు. కండ కొంచెం కొంచెంగా కరిగిపోతుంది. పదకొండు పన్నెండేళ్ళకి నడక ఆగిపోతుంది. తర్వాత చేతులు. తర్వాత ఊపిరి. ఇరవై ఏళ్ళు దాటి బతికేవాళ్ళు తక్కువ. మందు లేదు.

"నేను గెంతించానండీ," అంది కృపావతి. "దానివల్ల..."

"దానివల్ల కాదు. పుట్టుకతో వచ్చింది. మరీ అలిసిపోయేట్టు చెయ్యకండి, అంతే. కదలడం మంచిదే." డాక్టరు కాగితం మీద ఏదో రాస్తూ తలెత్తకుండా అన్నాడు. "ఇది తల్లి ద్వారా మగపిల్లలకి వస్తుంది. ఆవిడకి ఏ లోటూ కనబడదు. మళ్ళీ పిల్లల్ని కనాలనుకుంటే ముందు మా దగ్గరికి రమ్మని చెప్పండి. మగపిల్లాడైతే సగానికి సగం ప్రమాదం."

తిరుగు రైల్లో నూకరాజు కిటికీ పక్కన కూర్చుని స్టేషన్ల పేర్లు చదువుతున్నాడు. కృపావతి అప్పలనర్సమ్మకి జబ్బు గురించి చెప్పింది. నడక పోతుందని చెప్పింది. ఎన్నేళ్ళు బతుకుతాడన్నది పూర్తిగా చెప్పలేదుగాని, ఆమెకు అర్థమయ్యేట్టే చెప్పింది. అప్పలనర్సమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కొంతసేపటికి, "ఎందుకొచ్చిందమ్మగారూ?" అని అడిగింది.

చెప్పవలసిన మాట కృపావతి నాలుక మీదే ఉంది. నీ ద్వారా వచ్చింది అనాలి. ఆ మాట ఇంటికి చేరితే అత్తా మొగుడూ ఈ మనిషిని ఏం చేస్తారో ఆవిడ ఊహించుకుంది. ఇద్దరు పిల్లలున్నారు కదా, ఆపరేషను అయిపోయే ఉంటుందిలే అని కూడా అనుకుంది. ఔనో కాదో ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు.

"కొందరికలా వస్తుందమ్మా," అంది.

బంగారయ్య నమ్మలేదు. మందు లేని జబ్బుంటుందంటే ఏ తండ్రి నమ్ముతాడు? ఎలమంచిలి దాకా తిరిగి పసర్లు పట్టించాడు. ఈలోగా తరగతిలో పదిసార్లు లేపిన సంగతి పిల్లల నోట ఇళ్ళకి చేరింది. 'టీచరు గెంతించీసి గెంతించీసి గుంటడి కాళ్ళు పోగొట్టింది' అని వీధంతా అనుకున్నారు.

డిసెంబరులో ఒకరోజు ఉదయం, పాఠం జరుగుతుండగా బంగారయ్య వచ్చాడు. తాగి రాలేదు. చొక్కా మీద బెల్లం మరకలు. చెప్పులు వసారాలో విడిచి లోపలికొచ్చి, పిల్లల వరుసలో కొడుకు పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"మా వోడిసేత ఏటి సేయించేరో నాకూ సేయించండి," అన్నాడు.

"బంగారయ్యా, బయట మాట్లాడదాం."

"నేదండి. ఇక్కడే. సేయించండి."

"నాలుగు," అంది కృపావతి. పిల్లలు లేచారు. బంగారయ్యా లేచాడు. "ఏడు." కూర్చున్నారు. "పదహారు." లేచారు. తండ్రి లుంగీ పట్టుకుని నూకరాజు లేవబోయి సగంలో ఉండిపోయాడు. బంగారయ్య వాడికేసి చూశాడు. ఇంకో మూడు అంకెల తర్వాత చెయ్యెత్తి ఆపమన్నాడు.

"ఇంతేనా?"

"ఇంతే."

"దీనికి కాళ్ళు పోతాయా?"

"పోవు."

"మరెందుకు పోనాయి? డాట్రు మీకు సెప్పే ఉంటాడు. సెప్పండి. మీవల్ల కాదంటే మరెవరివల్ల?"

ఒక్క మాటతో తన మీద పడ్డ నింద పోతుంది. ఆ మాట అప్పలనర్సమ్మ నెత్తిన పడుతుంది. కృపావతి నలభైమంది పిల్లల ముందు తల దించుకుంది. "ఎవరివల్లా కాదు," అంది.

"అయితే మీవల్లే," అన్నాడు బంగారయ్య. కొడుకుని భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఫిర్యాదు పైకి వెళ్ళింది. విచారణకొచ్చిన అధికారి అరగంట కూర్చుని, పాఠం వేళ పిల్లలచేత గెంతులు వేయించరాదని కాగితం రాయించాడు. సన్యాసిరావుగారు ఆ కాగితం చేతికిస్తూ, "ముందే సెప్పేను గదా మేడమ్," అన్నారు. కోపంగా అనలేదు. జాలిగానే అన్నారు. కృపావతి సంతకం పెట్టింది. ఆ రోజునుంచి మూడో తరగతి పిల్లలు చేతులు కట్టుకుని కూర్చున్నారు. అన్నం తిన్నాక నిద్రపోయారు.

ఆవిడ మనసులో ఒక చిన్న గర్వం ఉండేది. ఒక ఆడమనిషిని కాపాడడానికి నింద మోస్తున్నానని. ఆదివారం చర్చిలో మోకరిల్లినప్పుడు దాన్నే దేవుడికి చూపించుకునేది. ఆ గర్వం జూన్ దాకా ఉంది. జూన్లో బళ్ళు తెరిచారు. నూకరాజుని ఎత్తుకుని దింపడానికొచ్చిన అప్పలనర్సమ్మకి ఐదో నెల.

"పెద్దోడు ఇలగయిపోనాడు," అంది అప్పలనర్సమ్మ సిగ్గుపడుతూ. "ఇంకొకడుంటే ఆడికీ తోడు, మాకూ దిక్కు అన్నాది మా అత్త."

కృపావతి అప్పుడైనా చెప్పాల్సింది. ఇప్పుడు చెప్పి ఏం లాభం అనుకుంది. ఆడపిల్ల పుట్టాలని ప్రార్థించింది. ప్రతిరోజూ, నాలుగు నెలలు, అన్నం ముందు కూడా ప్రార్థించింది. ఎందుకని వరప్రసాదరావు అడిగితే చెప్పలేదు.

అక్టోబరులో మగపిల్లాడు పుట్టాడు. తాతబ్బాయి అని పేరు పెట్టారు.

నూకరాజు ఐదో తరగతిలో ఉండగానే నడక పోయింది. హైస్కూలు దూరం. చదువు అక్కడితో ఆగింది. కృపావతి నెలకోసారి పాత పుస్తకాలు పట్టుకుని వెళ్ళేది. బంగారయ్య ఇంట్లో ఉంటే గుమ్మం దగ్గరే ఇచ్చి వచ్చేసేది. లేకపోతే కాసేపు కూర్చునేది. తాతబ్బాయి వైపు చూసేది కాదు.

2009 జూన్లో సన్యాసిరావుగారు రిటైరై, ఆవిడే హెడ్మాస్టరు పనీ ఒకటో తరగతీ కూడా చూస్తుండగా, అప్పలనర్సమ్మ తాతబ్బాయిని తీసుకొచ్చింది. ఐదు నిండకపోయినా చేర్చుకోమంది. పిల్లాడు నల్లగా, చలాకీగా ఉన్నాడు. పలక పట్టుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. ఇంటర్వెల్ గంట కొట్టారు. పిల్లలంతా ఒక్కుదుటన లేచి వాకిట్లోకి పరిగెత్తారు. తాతబ్బాయి పలక పక్కన పెట్టి, రెండు చేతులూ నేలకి ఆనించాడు. నడుం పైకెత్తాడు. ఒక చెయ్యి మోకాలి మీద వేశాడు.

కృపావతి సాయంత్రం దాకా ఎలా పాఠం చెప్పిందో ఆవిడకే తెలియదు. బడి వదలగానే వాళ్ళింటికి వెళ్ళింది. బంగారయ్య పనిలో ఉన్నాడు. నూకరాజు మంచంమీద, వీపు వెనక దిండ్లతో, మెడ ఒక పక్కకి వాలి ఉన్నాడు. పద్నాలుగేళ్ళ వాడి ఒళ్ళు దుప్పటి కింద ఉందో లేదో అన్నట్టుంది.

"తాతబ్బాయి లేవడం చూశాను," అంది.

అప్పలనర్సమ్మ బియ్యం ఏరుతోంది. చేతులు ఆగలేదు. "నాకు తెలుసు," అంది. "మూడో ఏడునుంచీ సూత్తన్నాను. ఎవురికీ సెప్పనేదు."

కృపావతి నేలమీద కూర్చుని మొత్తం చెప్పింది. డాక్టరు ఆనాడు ఏమన్నాడో, తను ఏం దాచిందో, ఎందుకు దాచిందో. ఆపరేషను అయిపోయి ఉంటుందనుకున్న సంగతి కూడా. ఏడవలేదు. ఏడిస్తే ఎదుటి మనిషి ఓదార్చాల్సి వస్తుందని ఆపుకుంది.

అప్పలనర్సమ్మ చేట పక్కన పెట్టింది.

"ఆయేలే సెప్పుంటే, ఈడు ఉండీవోడు కాడా?"

"ఉండేవాడు కాదేమో."

"నాకు మంచే సేసేననుకున్నావు."

"అవును."

మొదటిసారి ఆమె కృపావతిని నువ్వు అంది. ఇద్దరూ అది గమనించారు.

మంచంమీద నుంచి నూకరాజు మాట్లాడాడు. గొంతు పల్చగా, ఊపిరి ఊపిరికీ మధ్య ఆగుతూ వచ్చింది. "టీచరండీ. మరి నన్ను పదిసార్లు లెగమన్నారు గదండి. దానివల్ల కాదాండి?"

"కాదు నాన్నా. నువ్వు పుట్టినప్పటినుంచే ఉంది."

"నాను పది పూర్తి సెయ్యనేదు గదా... అందుకే ఇలగైపోనాననుకున్నానండి. సేసుంటే బాగుండీదేమోనని."

ఆ రోజు గడిచి ఆరేళ్ళయింది. నెలనెలా వచ్చి ఈ మంచం పక్కన కూర్చున్న మనిషి, ఆ ఒక్క మాట వాడికి చెప్పలేదు. వాడికి తెలిసే ఉంటుందనుకుంది. కృపావతి వాడి చెయ్యి పట్టుకుంది. వాడు వేళ్ళు బిగించలేడు. ఉంచుకోనిచ్చాడో, తీసుకోలేకపోయాడో ఆవిడకి తెలియలేదు.

"ఇంక ఎల్లమ్మా," అంది అప్పలనర్సమ్మ. "ఆయనొచ్చీ యేలయ్యింది."

నూకరాజు నవంబరు నెలాఖరున పోయాడు. జలుబు చేసి, దగ్గడానికి బలం చాలక మూడు రోజుల్లో పోయాడు. కృపావతి బడికి సెలవిచ్చి వీధి చివర నిలబడింది. బంగారయ్య ఆవిడ ముందునుంచే కొడుకుని తీసుకెళ్ళాడు. ఆవిడవైపు చూడలేదు. భార్య చెప్పిందో లేదో ఆవిడకి ఎప్పటికీ తెలియలేదు.

తాతబ్బాయి మాత్రం బడికి వస్తూనే ఉన్నాడు. తల్లి గేటు దగ్గర దింపి వెళ్ళిపోయేది. గెంతులు వేయించరాదన్న పాత కాగితం బీరువాలో ఉన్నా కృపావతి దాన్ని పట్టించుకోవడం మానేసింది. ఒకటో తరగతి పిల్లలు మళ్ళీ కదిలారు. ఈసారి లేవనక్కర్లేదు. అక్షరాన్ని గాలిలో చేత్తో రాయాలి, భుజం తిప్పాలి, బోర్లా పడుకుని సుద్దతో నేలమీద దిద్దాలి. తాతబ్బాయి అందరితోపాటే చేసేవాడు. దానివల్ల వాడి జబ్బు ఆగదని ఆవిడకి తెలుసు.

డిసెంబరు మధ్యలో అప్పలనర్సమ్మ గేటు దాటి లోపలికొచ్చింది. "సిన్నోడిని డాట్రుకి సూపించాల. నాకు సదువు రాదు. నువ్వు రా. ఆయన ఏటంటే అదంతా సెప్పాల. ఒక్క ముక్క మిగల్చకూడదు."

వెళ్ళారు. డాక్టరు వేరే ఆయన, వయసులో చిన్నవాడు. పరీక్షలన్నీ అయ్యాక, "ఆడపిల్లలున్నారా?" అని అడిగాడు. అక్కకి కూడా ఈ లోపం ఉండే వీలుందనీ, ఆమెకి జబ్బు రాకపోయినా ఆమె కొడుకులకి రావచ్చనీ, పెళ్ళయ్యాక పిల్లల్ని కనేముందు పరీక్ష చేయించుకోవాలనీ చెప్పాడు.

కృపావతి వరండాలో బెంచీ మీద అప్పలనర్సమ్మని కూర్చోబెట్టింది. తాతబ్బాయికి ఎన్నేళ్ళు నడక ఉంటుందో, ఎన్నేళ్ళు ఊపిరి ఉంటుందో అంకెలతో సహా చెప్పింది. తర్వాత లోవలక్ష్మి సంగతి చెప్పింది. అప్పలనర్సమ్మ మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అంతా అయ్యాక లేచి, పిల్లాడిని చంకనేసుకుంది.

"దానికి నేను సెప్పుకుంటాను," అంది. "ఇంటికెల్లగానే సెప్పేత్తాను."

చెప్పింది కూడా. రెండు రోజుల తర్వాత లోవలక్ష్మి బడికి వచ్చింది. పదహారేళ్ళ పిల్ల, బట్టల కంపెనీ యూనిఫాంలో, మెడలో కార్డుతో. పిల్లలందరూ వెళ్ళిపోయారు. గది ఖాళీగా ఉంది.

"మా యమ్మ సెప్పింది సగం తెలిసింది, సగం తెల్లేదండి," అంది. "మొత్తం తెలుగులో రాసివ్వండి. నాను సదువుకుంటాను."

కృపావతి రాసింది. రెండు ఠావులు పట్టింది. జబ్బు పేరు, అది ఎవరి ద్వారా వస్తుందో, ఎవరికి రావచ్చో, ఏ పరీక్ష, ఎప్పుడు. 2003 నవంబరులో డాక్టరు చెప్పినదీ, తను చెప్పనిదీ కూడా రాసి కింద సంతకం పెట్టింది. లోవలక్ష్మి నిలబడే చదివింది. 'వంశపారంపర్యం' అన్న మాట దగ్గర ఆగి, అంటే ఏమిటని అడిగింది. కృపావతి చెప్పింది. ఆ పిల్ల కాగితాలు మడిచి టిఫిన్ సంచిలో పెట్టుకుని, కంపెనీ బస్సుకి వేళైందని వెళ్ళిపోయింది.